వైద్యుడు నేర్చుకొనే తీరు: హైదరాబాదు క్లోరోఫాం కథ

మా అనకాపల్లి చుట్టుపక్కల చెరకు ఆడి బెల్లం వండే రోజులలో పెనం దగ్గర కాసేపు నిలబడినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పాకం ఎప్పుడు దింపవలెనో పుస్తకం చదివి నేర్చినవాడు అక్కడ ఒక్కడూ కనిపించడు. కొద్దిగా పాకాన్ని చల్లని నీటిలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూచి, పెద్దవాడు "ఇక దింపండి" అంటాడు. పక్కనున్న కుర్రవాడు అది చూచి, తానూ చేసి, ఒకటి రెండు పెనాలు పాడుచేసి, చివరకు నేర్చుకొంటాడు. చేతిపని ఏదైనా ఇట్లాగే వస్తుంది. ఐతే ఇందులో ఒక చిక్కు ఉన్నది. పెద్దవానికి తెలిసినదే తప్పయితే ఏమి గతి? కుర్రవాడు ఆ తప్పును కూడా అంత చక్కగానూ నేర్చుకొంటాడు. బెల్లం విషయంలో ఐతే తప్పు ఎక్కువకాలం దాగదు. మార్కెట్టులో రంగు చూచి, గట్టిదనం చూచి ధర కట్టేస్తారు. వైద్యంలో అట్లా వెంటనే తీర్పు చెప్పే బజారు లేదు. రోగి బ్రతికితే వైద్యుని వల్ల బ్రతికినాడో, వైద్యుడు ఉండగా కూడా బ్రతికినాడో చెప్పడం సులభం కాదు.

వైద్యవిద్యార్థి ఎట్లా నేర్చుకొంటాడు, పట్టా పుచ్చుకొన్న తరువాత ఆ నేర్పు పెరుగుతుందా తరుగుతుందా అనే విషయాలను ప్రయోగపూర్వకంగా పరిశీలించే శాస్త్రం ఒకటి ఇటీవలి డెబ్బయి ఏండ్లలో బయలుదేరింది. అది అమెరికాలోను, బ్రిటనులోను పుట్టిందనే పుస్తకాలు చెపుతాయి. నిజమే. కాని ఆ శాస్త్రం అడిగే మూలప్రశ్నకు నిలువెత్తు ఉదాహరణ మన తెలుగునేలమీద, హైదరాబాదులో, 1880వ దశకంలోనే జరిగింది. అందులో ఒక గొప్ప గురువు ఉన్నాడు, అతని దగ్గర బాగా నేర్చుకొన్న శిష్యులు ఉన్నారు, ఒక పెద్ద ప్రయోగం ఉన్నది, ఆ ప్రయోగంలో ఒక పెద్ద తప్పు కూడా ఉన్నది.

హైదరాబాదు వైద్య పాఠశాలను నాలుగవ నిజాము నాసిరుద్దౌలా కాలంలో, 1846లో నెలకొల్పారు. బ్రిటిషు రెసిడెన్సీ వైద్యుడు డాక్టర్ మక్లీన్ దాని తొలి పర్యవేక్షకుడు. అమెరికాలోని బోస్టన్ నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథరు ఆవిరితో రోగికి మత్తు కలిగించి నొప్పి లేని శస్త్రచికిత్సను లోకానికి చూపించినది కూడా 1846లోనే. ఈ రెండు సంగతులకు సంబంధమేమీ లేదు. కాని నలభై సంవత్సరాల తరువాత రెండూ ఒకచోట కలిశాయి.

ఈ పాఠశాలలో మొదటినుంచి పాశ్చాత్య వైద్యాన్ని ఉర్దూలో బోధించేవారు. చదువు ముగించినవారికి హకీం అనే పట్టా. శరీర నిర్మాణం, మందులు, శస్త్రచికిత్స అన్నీ ఆ భాషలోనే చెప్పడానికి ఉపాధ్యాయులు మాటలు వెదకుకొనవలసి వచ్చింది. మక్లీన్ తరువాత వచ్చిన జార్జి స్మిత్ 1850ల మధ్యకాలంలో ఉర్దూలో ఒక వైద్య పత్రికను కూడా నడిపాడు. మద్రాసులో 1835లో ప్రారంభమయిన వైద్య పాఠశాల ఇంగ్లీషు దారి పట్టగా హైదరాబాదు దేశభాషను పట్టుకొన్నది. ఆ రాజ్యంలో అధిక సంఖ్యాకుల భాష తెలుగే కదా, ఉర్దూ ఎవరికి దేశభాష అని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయినా ఆధునిక వైద్యాన్ని ఇంగ్లీషులో తప్ప చెప్పలేమనే మాట సరికాదని ఆ పాఠశాల నిరూపించింది. తరువాత ఇంగ్లీషు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద మళ్ళీ ఉర్దూ వచ్చింది. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసిన పిమ్మట తిరిగి ఇంగ్లీషు స్థిరపడింది. భాష మారిన ప్రతిసారీ విద్యార్థుల నేర్పు పెరిగిందా తగ్గిందా అని ఎవరైనా కొలిచి ఉంటే మన ఉపాధ్యాయులకు ఈనాడు ఎంతో ఉపకరించేది.

1885 ప్రాంతంలో ఎడ్వర్డ్ లారీ అనే శస్త్రవైద్యుడు రెసిడెన్సీ వైద్యుడుగా, పాఠశాలకు అధిపతిగా వచ్చాడు. బోధన ఇంగ్లీషులోనికి మారినదీ, ఆడపిల్లలకు ప్రవేశం దొరికినదీ అతని కాలంలోనే. మూసీనది ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి అతనికి బోధనశాల. (ఆ భవనం 1908 సెప్టెంబరు వరదలలో కొట్టుకొనిపోయింది. నేటి ఉస్మానియా ఆసుపత్రి దాని వారసురాలే.) లారీ ఎడింబరోలో జేమ్స్ సైమ్ దగ్గర చదివినవాడు. సైమ్ తన శిష్యులకు క్లోరోఫాం గురించి ఒకే ఒక సూత్రం చెప్పేవాడు: మత్తు ఇచ్చేవాడు రోగి శ్వాసను చూడవలెను, నాడిని కాదు. లారీ ఆ సూత్రాన్ని మూట కట్టుకొని హైదరాబాదుకు తెచ్చాడు.

ఇక్కడ క్లోరోఫాం గురించి కొంత చెప్పుకోవాలి. ఒక కార్బను పరమాణువుకు ఒక హైడ్రొజను, మూడు క్లోరిన్ పరమాణువులు అతికి ఉన్న ద్రవమిది. తియ్యని వాసన. సుమారు 61 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరుగుతుంది. ఈథరు ఐతే 35 డిగ్రీలు చేరకముందే మరుగుతుంది. వేసవిలో హైదరాబాదు గాలి అంతకంటె వేడిగా ఉంటుంది. ఈథరుకు మంటంటుకొనే గుణం కూడా ఎక్కువ. కనుక మనదేశపు ఆసుపత్రులలో క్లోరోఫామే వాడుకలోనికి వచ్చింది. 1847 నవంబరులో ఎడింబరోలో సింప్సన్ దీనిని మొదటిసారి మత్తుకు వాడాడు. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల, కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాలలో చనిపోయింది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల. చేసినది చిన్న చికిత్స.

ఎందుచేత చనిపోయింది? ఆ తరువాత అట్లాంటి మరణాలు వందలకొలది జరిగాయి. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీస్తుందని జాన్ స్నో వంటివారు అన్నారు. కాదు, ఎక్కువ మోతాదు శ్వాసకేంద్రాన్ని మొద్దుబార్చి ఊపిరి ఆపుతుంది, గుండె ఆ తరువాతనే ఆగుతుంది అని సైమ్ శిష్యులు అన్నారు. ఇది పండితుల వాదంగా మిగిలిపోయేది కాదు. మత్తు ఇచ్చే విద్యార్థి వేలు రోగి మణికట్టుమీద ఉండవలెనా, కన్ను ఛాతీమీద ఉండవలెనా అన్నది దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

లారీ ఆసుపత్రిలో మత్తు ఇచ్చే పని చాలావరకు విద్యార్థులది, పట్టా పొందిన హకీములది. అతడు నేర్పిన తీరును నేటి బోధనా నిపుణులు చూసినా మెచ్చుకొంటారు. రోగిని వెల్లకిల పడుకోబెట్టాలి. మెడకు, ఛాతీకి, పొట్టకు బిగుతైన గుడ్డ ఉండరాదు. వీలైనంతవరకు ఛాతీ, పొట్ట కనబడుతూ ఉండాలి, ఏలనన ఊపిరి కదలిక అక్కడే కనిపిస్తుంది. క్లోరోఫాం ఎప్పుడూ చాలినంత గాలితో కలిసి పోవాలి. రోగి ఊపిరి బిగబట్టినా, ఉక్కిరిబిక్కిరి అయినా మూతిమీద టోపీ వెంటనే తీసివేయాలి. కనుగుడ్డును తాకితే రెప్ప కదలని స్థితి వచ్చిన తరువాత గాని శస్త్రవైద్యుడు కత్తి పట్టరాదు. ఆపైన శ్వాసకు అడ్డు రాకుండా చూడడమే మత్తు ఇచ్చేవాని ఏకైక కర్తవ్యం. సూత్రం ఒక్కటే, దానిని రోజూ, ఎందరో రోగులమీద, గురువు కంటి ఎదుటనే చేయడం. ఇట్లా తయారైన విద్యార్థులు మత్తు ఇవ్వడంలో మిక్కిలి నేర్పరులయ్యారు. తన ఆసుపత్రిలో క్లోరోఫాం మరణాలు లేవని లారీ గర్వంగా చెప్పుకొనేవాడు.

వారిలో ఒకరి పేరు నిలిచిపోయింది. 1885లో చేరిన తొలి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూన్జీ ఒకతె. 1889లో హకీం పట్టా పొంది హైదరాబాదు ఆసుపత్రులలో మత్తు ఇవ్వడమే వృత్తిగా చేసుకొన్నది. ప్రపంచంలో ఆ పనిని వృత్తిగా చేపట్టిన మొదటి స్త్రీ ఆమేనని చాలామంది అంటారు. నాకు అంతకంటె ముఖ్యంగా తోచేది ఇంకొకటి. ఇరవై సంవత్సరాలు పనిచేసి చేయి తిరిగిన తరువాత, 1909లో ఆమె ఎడింబరోకు వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివింది. మత్తు ఇచ్చే వైద్యులకు ఆవిరుల ధర్మాలు తెలియడం అవసరమని ఆ చదువు ఉద్దేశం. తనకు వచ్చిన పనికి మూలమేమిటో తెలుసుకోవాలని అంత దూరం వెళ్ళినవారు ఆనాడు ఎందరుంటారు?

లారీ తన సూత్రాన్ని ప్రయోగంతో నిరూపించదలచాడు. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషను ఏర్పడింది. నూటికి పైగా ఊరకుక్కలకు క్లోరోఫాం ఇచ్చి చూశారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగింది, గుండె ఆ తరువాత. లండనులోని 'లాన్సెట్' పత్రిక ఈ ఫలితాలను శంకించింది. దానితో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, లండను నుంచి ఒక నిపుణుని పంపవలసినదని ఆ పత్రికనే కోరాడు. వారు లాడర్ బ్రంటన్‌ను పంపారు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో చూపిన వైద్యుడు ఇతడే. హైదరాబాదుకు వచ్చేటప్పటికి అతని అభిప్రాయం లారీకి పూర్తిగా వ్యతిరేకం.

1889 అక్టోబరులో రెండవ కమిషను పని మొదలుపెట్టింది. లారీ, బ్రంటన్, బోమ్‌ఫోర్డ్ అనే సైనిక వైద్యుడు, రుస్తుంజీ హకీం సభ్యులు. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు, గుర్రాలు కలిపి సుమారు 490 జంతువులు. మసి పూసిన కాగితం చుట్టిన డోలు నెమ్మదిగా తిరుగుతుంటే, రక్తపీడనాన్ని, శ్వాసను సన్నని ముల్లు దానిమీద గీస్తుంది. నేటి కళాశాలల శరీరధర్మశాస్త్ర ప్రయోగశాలలలో కొన్నిటిలో మూల పడి ఉండే కైమోగ్రాఫ్ అదే. ఒక రాజ్యపు రాజధానిలో, ఒక వైద్య పాఠశాలలో, ఆ రోజులలో ఇంతటి ప్రయోగం జరగడం చిన్న విషయం కాదు. ఫలితం? బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొన్నాడు. ఊపిరే ముందు ఆగుతుందని 1890 జనవరిలో 'లాన్సెట్' నివేదిక ప్రకటించింది. లారీ గెలిచాడు.

గెలుపు ఎక్కువకాలం నిలువలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు క్లోరోఫాం గుండెను కూడా బలహీనపరుస్తుందని చూపించారు. అసలు సమాధానం 1911లో గుడ్‌మన్ లెవీ ఇచ్చాడు. అతడు పిల్లులకు క్లోరోఫామును ఎక్కువగా కాక తక్కువగా ఇచ్చాడు. తేలిక మత్తులో ఉన్న జంతువు రక్తంలోనికి ఎడ్రినలిన్‌ను ఎక్కిస్తే గుండె జఠరికలు క్రమంగా ముడుచుకోవడం మాని, ప్రతి కండరపు పోగు దాని దారిన అది గిలగిల కొట్టుకొంటుంది. రక్తం ముందుకు కదలదు. ఊపిరి ఆ తరువాత కూడా కొద్ది క్షణాలు సాగి అప్పుడు ఆగుతుంది. ఎడ్రినలిన్ మన మూత్రపిండాలమీద ఉండే గ్రంథుల నుంచి భయం వేసినప్పుడు, నొప్పి కలిగినప్పుడు ఊరే రసం. ఇప్పుడు హన్నా గ్రీనర్ మాట తలచుకోండి. భయపడిన చిన్నపిల్ల, తేలిక మత్తు, గోరుకు కత్తి.

హైదరాబాదు కమిషను అన్ని వందల ప్రయోగాలు చేసి కూడా దీనిని ఎందుకు చూడలేకపోయింది? వారు అడిగిన ప్రశ్న అధిక మోతాదు గురించి. ఎక్కువ ఇస్తే ఏది ముందు ఆగుతుంది? దానికి వారిచ్చిన జవాబు సరియైనదే. తక్కువ ఇచ్చినప్పుడు అపాయం ఉండవచ్చుననే ఊహ వారికి తట్టలేదు. వారి కొలతలలో తప్పు లేదు. కొలవవలసినదాన్ని ఎన్నుకోవడంలో తప్పు.

మరి లారీ ఆసుపత్రిలో మరణాలు లేకపోవడం? నాకు తోచినంతవరకు దీనికి కారణం అతని సిద్ధాంతం కాదు, అతని క్రమశిక్షణ. గాలి ధారాళంగా అందేటట్లు చూడడం ఒకటి. పూర్తిగా మత్తు ఎక్కిన తరువాతనే కత్తి పట్టడం రెండవది. లెవీ చూపిన అపాయం తేలిక మత్తులో, నొప్పికీ భయానికీ లోనైనప్పుడు కదా. దానిని లారీ శిష్యులు తెలియకుండానే తప్పించుకొన్నారు. చేయి సరిగా నేర్చింది, మనస్సు తప్పు నేర్చింది. ఈ రెంటినీ ఒకే గురువు, ఒకే పాఠంలో నేర్పాడు. రోగుల ఊపిరిని కనిపెట్టడం నేర్పిన ఆ నోరే నాడిని చూడనక్కరలేదని కూడా నేర్పింది. శ్వాసమార్గం ముందు అన్న మాట నేటికీ మత్తువైద్యంలో మొదటి పాఠమే. నాడిని చూడవద్దన్న మాటను ఈనాడు ఎవరూ అనరు. గుండె విద్యుత్తు తెరమీద కనిపించకుండా మత్తు ఇవ్వరు. లెవీ పరిశోధన వెలువడిన నాలుగేండ్లకు, 1915లో, లారీ మరణించాడు.

ఇక మన కోస్తా సంగతి. విశాఖపట్నంలో 1902లో వైద్య పాఠశాల, 1923లో వైద్య కళాశాల వచ్చాయి. అదే నేటి ఆంధ్ర వైద్య కళాశాల. దానికి బోధనశాల కింగ్ జార్జి ఆసుపత్రి. ఆ రోజులలోనే భారతదేశపు వైద్యవిద్యకు ఒక పెద్ద తగాదా వచ్చిపడింది. మన విశ్వవిద్యాలయాల పట్టాలు బ్రిటనులో చెల్లవలెనంటే అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిలు ఒప్పుకోవాలి. 1920లలో ఆ సంస్థ మన విద్యార్థులకు ప్రసూతిలో చేతి అనుభవం చాలదని పట్టుపట్టింది. ఒక్కొక్క విద్యార్థి తన చేతిమీదుగా ఎన్ని కాన్పులు చేశాడు? లెక్క చూపండి. ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, నివేదికలు వెళ్ళాయి, చివరకు 1930లో మన పట్టాలకు గుర్తింపు ఆపివేశారు. దానికి జవాబుగా 1933లో చట్టం చేసి మనదేశంలోనే మెడికల్ కౌన్సిలును ఏర్పరచారు.

ఆ పట్టుదలలో పాలకుల అహంకారం లేదనలేము. మన స్త్రీలు ఆనాడు కాన్పుకు ఆసుపత్రికి రావడమే అరుదు, మగ విద్యార్థి ఎదుట అంతకన్న అరుదు. విశాఖలో విక్టోరియా ఆసుపత్రిని నేటికీ ఘోషా ఆసుపత్రి అనే పిలవడంలో ఆ కాలపు జాడ మిగిలి ఉన్నది. వచ్చే రోగులే లేనప్పుడు లెక్క ఎక్కడినుంచి చూపిస్తారు? అయినా ప్రశ్నలో పస ఉన్నది. వ్రాతపరీక్షలో నూటికి ఎనభై తెచ్చుకొన్నవాడు ఒక్క కాన్పు కూడా చేసి ఉండకపోవచ్చు. ఐతే కౌన్సిలువారి కొలమానం కూడా ముతకదే. ఇన్ని కాన్పులు చేశాడనడానికి, ఇన్ని కాన్పులు బాగా చేశాడనడానికి మధ్య ఎంతో దూరం ఉన్నది.

ఈ దూరాన్ని కొలవడానికే వైద్యవిద్యా పరిశోధన పుట్టింది. 1950లలో అమెరికాలోని బఫలో విశ్వవిద్యాలయంలో జార్జి మిల్లర్ అనే వైద్యుడు విద్యాశాస్త్ర ఉపాధ్యాయులతో చేతులు కలిపి, వైద్య కళాశాలలో బోధన ఎట్లా సాగుతున్నదో పరిశీలించడం మొదలుపెట్టాడు. వైద్యులకు వైద్యులు కానివారు బోధన గురించి చెప్పడమేమిటని ఆనాడు పలువురు విడ్డూరపడ్డారు. మిల్లరే 1990లో ఒక మెట్ల పటం గీశాడు. తెలియడం అడుగు మెట్టు. ఎట్లాగో తెలియడం రెండవది. చేసి చూపడం మూడవది. ఎవరూ చూడనప్పుడు కూడా రోజూ అట్లాగే చేయడం పైమెట్టు. మన పరీక్షలలో ఎక్కువభాగం మొదటి రెండు మెట్లమీదనే తిరుగుతుంటాయి. ఇది వైద్య కళాశాలలకే కాదు, మన ఉన్నత పాఠశాలలకు కూడా వర్తిస్తుంది.

పరిశోధన తేల్చిన విషయాలలో ఒకటి అందరినీ ఆశ్చర్యపరచింది. 1978లో ఎల్‌స్టైన్, షుల్‌మన్, స్ప్రాఫ్కా అనే మిచిగన్ పరిశోధకులు, పేరుపడ్డ వైద్యులు రోగనిర్ణయం ఎట్లా చేస్తారో పరిశీలించిన గ్రంథం ప్రచురించారు. నిపుణుల దగ్గర ఏదో ప్రత్యేకమైన ఆలోచనా పద్ధతి ఉంటుందని, దానిని పట్టుకొంటే విద్యార్థులకు నేర్పవచ్చునని అనుకొన్నారు. అట్లాంటిదేమీ దొరకలేదు. రోగి నోరు తెరచిన కొద్ది నిమిషాలకే నిపుణుడూ, సామాన్యుడూ ఇద్దరూ రెండు మూడు ఊహలు చేస్తున్నారు. తేడా అంతా ఆ జబ్బు గురించి వారికి ఉన్న జ్ఞానంలోనే. పైగా ఒక రోగి విషయంలో గట్టివాడనిపించినవాడు ఇంకొక రోగి దగ్గర తేలిపోతున్నాడు.

ఈ సంగతి తెలిసిన తరువాత పాతకాలపు ప్రాక్టికల్ పరీక్ష సంగతి ఏమిటి? ఒక విద్యార్థి, ఒక రోగి, ఒకరిద్దరు పరీక్షకులు. తెలిసిన జబ్బు తగిలితే అదృష్టం, తెలియనిది తగిలితే దురదృష్టం. దీనికి విరుగుడు స్కాట్లండులోని డండీ నగరంలో రోనాల్డ్ హార్డెన్, అతని సహచరులు 1975లో ప్రకటించారు. విద్యార్థులు గంట కొట్టగానే ఒక బల్ల నుంచి మరొక బల్లకు కదులుతారు. ఒకచోట రోగి గుండె చప్పుడు వినాలి, ఒకచోట ఎక్స్‌రే చదవాలి, ఇంకొకచోట రోగితో మాట్లాడాలి. ఒక్కొక్కదానికి దాదాపు ఐదు నిమిషాలు. పరీక్షకుని చేతిలో ముందే వ్రాసిపెట్టిన పట్టిక. అందరికీ అవే ప్రశ్నలు. ఆస్కీ అనే పొడిపేరుతో మన వైద్య విద్యార్థులందరికీ ఇది ఇప్పుడు పరిచితమే.

పట్టా చేతికి వచ్చిన తరువాత? ఇక్కడే లారీ కథ మళ్ళీ ఎదురవుతుంది. అనుభవం పెరిగినకొద్దీ వైద్యుడు మెరుగవుతాడని మనమంతా నమ్ముతాము. నెరసిన జుట్టు చూస్తే ధైర్యం వస్తుంది. 2005లో అమెరికాలో చౌధరి, అతని సహచరులు అప్పటికి వెలువడిన 62 అధ్యయనాలను పరిశీలించి చూశారు. వృత్తిలో గడచిన ఏండ్లు పెరిగేకొద్దీ జ్ఞానమో, ప్రమాణాల పాటింపో, ఫలితాలో తగ్గుతున్నట్లు సగానికి పైగా అధ్యయనాలు చెప్పాయి. మరుసటి సంవత్సరం డేవిస్ బృందం ఇంకొకటి చూపింది: వైద్యులు తమ నేర్పుకు తాము వేసుకొన్న మార్కులు, బయటివారు కొలిచిన మార్కులతో చాలావరకు సరిపడడం లేదు. అన్నిటికంటె ఎక్కువ తేడా వచ్చినది నేర్పు తక్కువై నమ్మకం ఎక్కువైనవారి దగ్గర. ముసలి వైద్యులందరూ పనికిరారని దీని అర్థం కానే కాదు. చదువుకొన్న కాలంలో తెలిసిన శాస్త్రాన్నే చేయి అలవాటు చేసుకొంటుంది. శాస్త్రం మారినప్పుడు చేతికి ఆ వార్త దానంతట అది అందదు. అందించడానికి ఉపన్యాసం ఒక్కటే చాలదని కూడా డేవిసే 1999లో చూపించాడు. సభకు వచ్చి, కూర్చుని, విని, భోజనం చేసి వెళ్ళిన వైద్యుని మందుచీటీ మారడం లేదు. తాము చేసి చూచి, చర్చించి, తమ పనిమీద విమర్శ విన్నవారిలో మాత్రం మార్పు కనిపించింది.

లారీకి చేతి నేర్పుకు గాని, చిత్తశుద్ధికి గాని లోటు లేదు. ప్రయోగానికి కూడా వెనుదీయలేదు. తనను కాదన్న నిపుణుణ్ణే పిలిపించాడు. అయినా అతని పద్ధతిలో నేర్చినవారికి, తేలిక మత్తులో పోయే ప్రాణం కంటపడే వీలే లేదు. వారు ఆ స్థితిని రానిచ్చేవారు కాదు గనుక. ఇతర ఆసుపత్రులలో అది జరిగితే, శ్వాసను సరిగా చూడలేదనేవారు. తమ అనుభవమే తమకు సాక్ష్యం.

మనదేశంలో వైద్య ఉపాధ్యాయులకే బోధన నేర్పవలెనన్న ఆలోచన 1970లలో పాదుకొన్నది. పుదుచ్చేరిలోని జిప్‌మర్‌లో జాతీయ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం అప్పుడే వెలసింది. నేడు ప్రతి వైద్య కళాశాలలోను వైద్యవిద్యా విభాగం ఉండి తీరాలి. 2019 నుంచి ఎం.బి.బి.ఎస్. చదువు సామర్థ్యాల ఆధారంగా నడుస్తున్నది. విద్యార్థి ఏమి చదివాడని కాక ఏమి చేయగలడని అడగడం దీని ఉద్దేశం. మొదటి సంవత్సరంలోనే రోగిని చూపిస్తారు. రోగితో మాట్లాడే తీరు, నీతి కూడా పాఠాలలో చేరాయి. మన అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నం దగ్గర మాకవరపాలెంలో ఒక వైద్య కళాశాలకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. గోడలు ఎవరు కట్టినా, ఎప్పటికి లేచినా, అక్కడి తొలి విద్యార్థి చేతికి వచ్చేది ఈ కొత్త పద్ధతి పుస్తకమే.

ఆ పుస్తకంలో ప్రతి నేర్పుకు ఒక వరుస ఉంటుంది. తేదీ ఒక గడి. మొదటిసారి చేశాడా, మళ్ళీ చేశాడా, తప్పు దిద్దుకోవడానికి చేశాడా అన్నది ఇంకొకటి. ఆశించినంత చేశాడా, తక్కువా, ఎక్కువా అన్నది మరొకటి. ఉపాధ్యాయుని పొడి సంతకం. చివరి గడిలో, తన పనిమీద విమర్శ తాను విన్నానని విద్యార్థి చేసే పొడి సంతకం. కాన్పుల లెక్క అడిగిన 1930 నాటికంటె ఇది ఎంతో మెరుగు. సరిగా నింపితే. పరీక్షల ముందు ఒకే రాత్రి, ఒకే సిరాతో నింపిన పుస్తకాల సంగతి ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు. మన పాఠశాలల ప్రయోగ రికార్డుల అనుభవం అందరికీ ఉన్నదే.

ఇన్ని గడులూ విద్యార్థికే. బోధించే వైద్యునికి అట్లాంటి పుస్తకం లేదు. 2002 నాటి నియమావళి ప్రకారం వైద్యుడు ఐదేండ్లలో 30 గంటలు వృత్తి విద్యా సమావేశాలలో పాల్గొనాలి. అవి ఎక్కువభాగం ఉపన్యాసాలే.